పాసయ్యాక ఇచ్చే ఫీజు ఎవరికి అందుతుంది? ఒక యాక్చువరీ అభ్యర్థి కేస్ స్టడీ

బీమా, పింఛన్ల వంటి రంగాల్లో నష్టభయాన్ని లెక్కగట్టే నిపుణులను యాక్చువరీలంటారు. ఆ యాక్చువరీ పరీక్షలు రాసేవారికి ఆర్థిక సాయం చేసే ఒక చిన్న నిధిని మేం ఐదుగురం నడుపుతున్నాం. అందరం ఈ వృత్తిలో ఉన్నవాళ్లమే. మా జీతాల్లోంచి కొంత, సహోద్యోగుల విరాళాల్లోంచి కొంత తీసి ఆ నిధిలో వేస్తాం. దరఖాస్తులు చూడడం, అభ్యర్థులతో మాట్లాడడం నా వంతు. ఇక్కడ రాస్తున్నది ఒక్క అభ్యర్థి గురించి. ఆమె అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టగల ఆనవాళ్లన్నీ తీసేశాను, కొన్ని మార్చాను. పరీక్షలు, నెలలు, మేం తీసుకున్న నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

ఆమె గణితంలో డిగ్రీ చేసింది. ఇంట్లో క్రమం తప్పని జీతం ఆమెది ఒక్కటే. చేస్తున్న పనికీ బీమాకూ సంబంధం లేదు. ఈ పరీక్షలు నిర్వహించే అమెరికా వృత్తి సంస్థ సొసైటీ ఆఫ్ యాక్చువరీస్ మార్గంలో వెళ్లాలనుకుని సంభావ్యత మీద ఉండే ఎగ్జామ్ పీ మొదటి ప్రయత్నంలోనే పాసయింది. అది ఒక సెప్టెంబరులో. తర్వాత రాయవలసింది ఆర్థిక గణితం మీద ఉండే ఎగ్జామ్ ఎఫ్‌ఎం. పీ పరీక్ష జనవరి, మార్చి, మే అలా బేసి నెలల్లో, ఎఫ్‌ఎం ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ అలా సరి నెలల్లో జరుగుతాయి. అంటే ఏడాదికి ఆరు అవకాశాలు. ఆమె మా దగ్గరికి వచ్చేనాటికి 14 నెలలు గడిచాయి. ఆ మధ్యలో ఏడు ఎఫ్‌ఎం సిట్టింగులు, అంటే పరీక్ష విడతలు, వచ్చి వెళ్లిపోయాయి. ఒక్కదానికీ ఆమె రిజిస్టర్ చేసుకోలేదు.

ఈ వృత్తిలో లేనివారి కోసం ఒక మాట చెప్పాలి. ఉద్యోగంలో ఉన్న యాక్చువేరియల్ విద్యార్థికి సాయానికి లోటుండదు. చాలా సంస్థలు ఫీజు కడతాయి, పుస్తకాలు కొనిస్తాయి, పని గంటల్లోనే చదువుకోనిస్తాయి, పాసైతే జీతం పెంచుతాయి. కాని ఒకటి రెండు పరీక్షలు పాసైతే గాని తొలి ఉద్యోగానికి పిలుపు రావడం కష్టం. ఆ మొదటి రెండు పరీక్షల ఖర్చు సొంతంగా పెట్టుకోవలసిందే. డబ్బు అత్యంత అవసరమైన చోట దాతలు అత్యంత తక్కువ. మా నిధి పుట్టిందే ఆ ఖాళీని పూడ్చడానికి.

వచ్చిన సమస్య

ఆమె దరఖాస్తు నాలుగు వాక్యాలే. ఎఫ్‌ఎం రిజిస్ట్రేషన్ ఫీజు కావాలని, అప్పుగా ఇచ్చినా సరేనని రాసింది. 14 నెలల ఖాళీ చూసి మాలో ఇద్దరం ఆమెకు పట్టుదల తగ్గిందేమో అనుకున్నాం. ఆ ఇద్దరిలో నేనూ ఉన్నాను. ఫోనులో ఆ మాట నేరుగా అడగలేక, పీ పరీక్షకు ఏమేం ఖర్చయిందో చెప్పమన్నాను. ఆమె నోటుపుస్తకం చివరి పేజీని ఫోటో తీసి పంపింది.

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎడమ పక్కన ఖర్చులు, కుడి పక్కన తేదీలు. రిజిస్ట్రేషన్ ఫీజు, స్టడీ మాన్యువల్, మూడు నెలల ఆన్‌లైన్ ప్రశ్నల చందా. పరీక్షలో అనుమతించే కొద్దిపాటి మోడళ్లలో ఒక కాలిక్యులేటర్. పరీక్ష కేంద్రం వేరే నగరంలో ఉండడంతో రానూపోనూ చార్జీలు, ఒక రాత్రి బస, రెండు రోజుల జీతం కోత. అన్నీ కలిపి చూస్తే, ఆ మొత్తం ఖర్చులో రిజిస్ట్రేషన్ ఫీజు వాటా సగం కూడా లేదు. అడుగున వేరే సిరాతో ఇంకో వరుస ఉంది: ఫీజు కోసం తెచ్చిన చేబదులుకు ఐదు నెలల వడ్డీ. పీ పాసయినందుకు ఒక సంస్థ ఆమెకు ఫీజు తిరిగి ఇచ్చింది. కాని పరీక్ష రాసిన 11 వారాలకు ఇచ్చింది. తెర మీద పాసైనట్టు అదే రోజు కనబడినా, అధికారిక ఫలితం వచ్చేదాకా ఆ సంస్థ దరఖాస్తు తీసుకోదు. అధికారిక ఫలితానికి వారాలు పడుతుంది, ఆ తర్వాత కాగితాలు నడవాలి. ఈలోగా వడ్డీ పెరిగింది. చేతికొచ్చిన డబ్బు అప్పు తీర్చడానికే సరిపోయింది. ఎఫ్‌ఎంకు పైసా మిగల్లేదు.

పట్టుదల మీద నా అనుమానం అక్కడే పోవలసింది. పూర్తిగా పోలేదు.

మొదటి ప్రయత్నం: పాసైతే ఫీజు తిరిగి ఇవ్వడం

అప్పట్లో మా నిధి నియమం అదే. పరీక్ష రాసి పాసవండి, రశీదు పంపండి, ఫీజు ఇస్తాం. దీని వెనుక ఆలోచన లేకపోలేదు. దాతలకు లెక్క చెప్పాలి, పైగా సొంత డబ్బు పెట్టినవారు శ్రద్ధగా చదువుతారని నమ్మేవాళ్లం. ఇంకో ఆకర్షణ కూడా ఉంది. ఫెయిలయినవారికి ఏమీ ఇవ్వనక్కర లేదు కాబట్టి ఉన్న డబ్బుతో ఎక్కువమందికి మాట ఇవ్వవచ్చు. సగంమందే పాసవుతారనుకుంటే, 35 ఫీజులకు సరిపడే డబ్బుతో 70 మందికి హామీ ఇవ్వవచ్చు. వార్షిక నివేదికలో ఆ సంఖ్య నిండుగా కనబడుతుంది.

ఆమెకూ అదే హామీ రాసి పంపాం. ఫిబ్రవరి సిట్టింగుకు రిజిస్ట్రేషన్ గడువు ముగిసింది. ఆమె పేరు నమోదు కాలేదు. ఫోను చేసి ఎందుకని అడిగాను.

"మీరు ఇస్తారు మేడం, ఆ నమ్మకం ఉంది. కాని మీరు తిరిగి ఇవ్వాలంటే ఆ డబ్బు ముందు నా దగ్గర ఉండాలి కదా. ఉంటే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మేం ఇస్తున్నది పరీక్షకు సాయం కాదని ఆ రోజు అర్థమైంది. పరీక్ష ఖర్చు ముందుగా భరించగలిగినవారికి, అందులోనూ గెలిచినవారికి, మేం ఇస్తున్నది బహుమతి.

రెండో ప్రయత్నం: మొత్తం ముందే ఇవ్వడం

ఫిబ్రవరి నెలాఖరులో నియమం సడలించాం. నోటుపుస్తకం పేజీని పక్కన పెట్టుకుని ఫీజు, మాన్యువల్, ప్రయాణం, బస, కోత పడే జీతం అన్నీ లెక్కగట్టి ఒకేసారి పంపాం. నేను గట్టిగా పట్టుబట్టాను. మిగతావారు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు: డబ్బు వెంటనే వచ్చే సిట్టింగుకే వాడాలి, లేకపోతే వెనక్కి ఇవ్వాలి. డబ్బు ఎక్కడో నిలిచిపోకూడదన్నది వారి ఆలోచన. అందులో నాకు తప్పు కనిపించలేదు. ఆమె ఏప్రిల్ సిట్టింగుకు నమోదు చేసుకుంది.

ఫెయిలయింది. మార్కు నాలుగు. ఈ పరీక్షల ఫలితాన్ని 0 నుంచి 10 దాకా ఉండే స్కేలు మీద ఇస్తారు, ఆరు వస్తే పాస్. నాలుగంటే ఒకటి రెండు ప్రశ్నల్లో పోయిన పరీక్ష కాదు, పూర్తిగా సిద్ధం కాకుండా రాసిన పరీక్ష.

ఏం జరిగిందో చాలా తర్వాత తెలిసింది. డబ్బు చేతికొచ్చేనాటికి రిజిస్ట్రేషన్ గడువుకు పది రోజులుంది. మాన్యువల్ ఇంకో వారానికి చేరింది. పని చేసుకుంటూ చదివే మనిషికి ఎఫ్‌ఎం ఆరు వారాల్లో తెమిలే పరీక్ష కాదు. యాన్యుటీలు (క్రమం తప్పకుండా జరిగే చెల్లింపుల లెక్కలు), రుణ వాయిదాలు దాటి బాండ్ల దగ్గరికి వచ్చేసరికే మార్చి అయిపోయింది. వడ్డీ రేటు మారితే బాండు ధర ఎంత మారుతుందో చెప్పే డ్యూరేషన్, కాన్వెక్సిటీ అధ్యాయాలు తెరవనేలేదు. గడువులోగా రద్దు చేసుకుంటే కొంత మినహాయించి మిగతా ఫీజు వెనక్కి ఇస్తారని ఆమెకు తెలుసు. ఆ తేదీనాటికే తన పరిస్థితీ తెలుసు. అయినా రద్దు చేసుకోలేదు. మా షరతు ప్రకారం రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇవ్వాలి. అప్పటికే మాన్యువల్ కొనేసింది, ప్రయాణం టికెట్లు తీసేసింది. ఏది ఎలా తిరిగి ఇవ్వాలో తెలియక, ఒకవేళ పాసవుతానేమోనన్న ఆశతో వెళ్లి రాసింది.

ఇస్తున్నామన్న ధీమాలో మేం ఆమె చేతిలోంచి పరీక్ష తేదీని తీసేసుకున్నాం. అంతకంటే మేం ఏమీ ఇవ్వకపోయి ఉంటే ఆమె తన తేదీ తానే ఎంచుకునేది.

ఆ తర్వాత ఆమె నుంచి సమాధానం లేదు. రెండు సార్లు రాశాను, ఒకసారి ఫోను చేశాను. జూన్ చివర్లో మా కోశాధికారి బ్యాంకు లెక్కలు సరిచూస్తూ, దాత పేరు లేని రెండు చిన్న జమలు ఎవరివని అడిగాడు. మే నెలలో ఒకటి, జూన్‌లో ఒకటి, రెండూ ఒకే మొత్తం. వివరం గడిలో మొదటి దానికి "ఎఫ్‌ఎం 1" అని, రెండో దానికి "ఎఫ్‌ఎం 2" అని ఉంది. ఆమె మా డబ్బును వాయిదాల్లో తిరిగి కడుతోంది. మేం అడగలేదు. ఫెయిలైతే తిరిగి కట్టాలని ఎక్కడా రాయలేదు. ఆ మొత్తంతో లెక్కేస్తే మా సాయం తీరడానికి ఆమెకు 22 నెలలు పడుతుంది. ఆ 22 నెలలూ మరో పరీక్షకు కూడబెట్టే దారి ఉండదు.

పద్దెనిమిదేళ్ల నా వృత్తి జీవితంలో ఒక బ్యాంకు స్టేట్‌మెంటు నన్నంత కలవరపెట్టిన రోజు ఇంకొకటి లేదు.

వద్దనుకున్న దారి

ఆ వారం సమావేశంలో ఒకరు వడ్డీలేని అప్పు ఇద్దామన్నారు. ఉద్యోగం వచ్చాక తీరుస్తుంది, గౌరవమూ నిలుస్తుంది అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. కాని నేను ఒప్పుకోలేదు. అప్పు పాసైనవారికీ ఫెయిలైనవారికీ ఒకటే. తీర్చే శక్తి మాత్రం పాసైనవారికే వస్తుంది. ఫెయిలైన ప్రతిసారీ అప్పు పెరిగితే, మళ్లీ రాయకుండా ఆగిపోవడమే క్షేమమని ఆ మనిషికి తోస్తుంది. ఆమె 14 నెలలు ఆగింది అందుకే.

ఇక బయట దొరికే సాయం సంగతి. సొసైటీ ఆఫ్ యాక్చువరీస్ కొన్ని దేశాల అభ్యర్థులకు తొలి పరీక్షల ఫీజులో తగ్గింపు ఇస్తుంది. ఆమె ఉన్న దేశం ఆ జాబితాలో లేదు. బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ అండ్ ఫ్యాకల్టీ ఆఫ్ యాక్చువరీస్ ఆదాయం తక్కువున్న సభ్యులకు తగ్గించిన రుసుములు పెట్టింది. అది వేరే మార్గం. ఒక పరీక్ష పాసయ్యాక మార్గం మార్చుకోమనడం భావ్యం కాదనిపించింది. స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థలు ఉన్నాయి. అవి ఎక్కువగా కళాశాలలో చదువుతున్నవారి కోసం. ఆమె ఆ దశ దాటిపోయింది. ఇవన్నీ మేం తొలి రోజే చూడవలసినవి. ఇప్పుడు ఏ అభ్యర్థి వచ్చినా మొదటి వారంలోనే ఈ వెతుకులాట పూర్తిచేస్తున్నాం.

పనిచేసిన పద్ధతి

ఆ రాత్రి కూర్చుని మా వృత్తి నేర్పిన లెక్కే వేశాను. పీ, ఎఫ్‌ఎం పరీక్షల్లో పాసయ్యేవారు చాలా సిట్టింగుల్లో సగానికి అటూ ఇటూ ఉంటారు. ప్రతి ప్రయత్నంలోనూ అవకాశం సగం అనుకుంటే, పాసయ్యేదాకా పట్టే ప్రయత్నాలు సగటున 2. ఇది జామెట్రిక్ డిస్ట్రిబ్యూషన్, ఆమె పాసైన ఎగ్జామ్ పీ సిలబస్‌లోనే ఉంది. అంటే ఒక పరీక్ష అసలు ఖర్చు ఒక ఫీజు కాదు, రెండు. మేం ఒకటికే లెక్కగట్టి, రెండోదాన్ని ఆమె తల మీద వదిలేశాం.

ఒక్క మనిషికి ఆ రెండో ఫీజు రావచ్చు, రాకపోవచ్చు. అది ఎటు పడుతుందోనన్న భయంతోనే ఆమె రాయకుండా ఆగింది. 20 మందిని కలిపి చూస్తే ఆ అనిశ్చితి చాలా మటుకు కరిగిపోతుంది. ఒక్కొక్కరికి రెండు ప్రయత్నాల దాకా హామీ ఇస్తే, సగంమంది ఒక్క ఫీజుతో సరిపెడతారు, సగంమందికి రెండు కావాలి. సగటున 30 ఫీజులు. ప్రామాణిక విచలనం, అంటే ఆ సగటుకు అటూ ఇటూ మామూలుగా ఉండే తేడా, రెండుకు కాస్త ఎక్కువ. 35 ఫీజుల డబ్బు చేతిలో ఉంటే దాదాపు ఎప్పుడూ లోటు రాదు. బీమా అంటే ఇదే కదా. ఒక్కడు మోయలేని బరువును గుంపు మీద పరిస్తే అది లెక్కకు అందే ఖర్చవుతుంది. రోజూ ఇతరులకు చేసిపెట్టే ఈ పనిని మా దగ్గరికి వచ్చిన అభ్యర్థికి చేయలేకపోయాం.

దీనికి మూల్యం ఉంది. అదే డబ్బుతో 70 మందికి బదులు 20 మందికే మాట ఇవ్వగలం. ఈ ఒక్క అంశం మీద మూడు సమావేశాలు జరిగాయి. ఒకరు చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన వాదన తేలికైనది కాదు: మనం కాదన్న ఆ 50 మందిలో ఎందరు చిన్న సాయంతో గట్టెక్కేవారో అన్నాడు. నా జవాబు ఒక్కటే. పాసైతేనే ఫీజు ఇస్తామన్న హామీ వల్ల పరీక్ష రాయగలిగినవారు, ఆ హామీ లేకపోయినా రాసేవారు. వారిని కాదనడం నాకు కష్టమే. కాని మా దగ్గరున్నది చిన్న నిధి.

ఆమె కోసం తయారుచేసిన పద్ధతిలో మొదట డబ్బుకు తేదీ ముడి తీసేశాం. చదువు ఖర్చు వేరు, పరీక్ష ఖర్చు వేరు. మాన్యువల్ ఆమె దగ్గరే ఉంది కాబట్టి ప్రశ్నల చందా మాత్రం కట్టాం. ఎప్పుడు రాస్తావని అడగలేదు. సొసైటీ ఉచితంగా ఇచ్చే నమూనా ప్రశ్నలు వందల కొద్దీ ఉన్నాయి. చందా తీసుకునే ముందు అవి పూర్తి చేయమన్నాను. డబ్బు మిగల్చడానికి కాదు. తనకు ఏ అధ్యాయం రావడం లేదో అక్కడే తేలుతుంది. తేలింది కూడా. బాండ్ల లెక్కలు ఆమెకు వచ్చు, కాలిక్యులేటర్‌లో వాటిని వేగంగా చేయడం రాదు. పీ పరీక్షకు కొన్న కాలిక్యులేటర్‌లో ఆర్థిక లెక్కల మీటలే లేవు. ఎఫ్‌ఎంలో 30 ప్రశ్నలకు రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకు ఐదు నిమిషాలు. వడ్డీ రేటును చేత్తో అంచనాలు వేసుకుంటూ కనుక్కునే మనిషికి ఆ సమయం చాలదు. ఆమె మొదటి ఖర్చుల్లో కాలిక్యులేటర్ ఒకటి ఉంది కదా అని మేం మరో దాని సంగతే తలచుకోలేదు. ఆ మీటలున్న టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బీఏ టూ ప్లస్ కాలిక్యులేటర్ కొనిచ్చాం. మొత్తం సాయంలో అది అతి చిన్న ఖర్చుల్లో ఒకటి. ఏప్రిల్‌లో అది చేతిలో ఉంటే ఫలితం మారేదని అనలేను. సిలబస్సే పూర్తి కాలేదు. కాని ఆమె తర్వాతి మాక్ టెస్టుల్లో తేడా స్పష్టంగా కనిపించింది.

రెండోది, రద్దు గడువుకు వారం ముందు ఒక ఫోను. ఆ ఫోనులో ఒకే ప్రశ్న: రాస్తావా, రద్దు చేద్దామా? రద్దు చేస్తే మినహాయించే మొత్తం నిధి భరిస్తుంది, కారణం అడగం. మాక్ టెస్టులో ఇంత మార్కు వస్తేనే రాయాలని నియమం పెడదామని ఒకరన్నారు. వద్దన్నాను. మార్కు మాకు చూపించవలసి వస్తే ఆమె మళ్లీ మా కోసం చదువుతుంది. సమయం పెట్టుకుని మూడు పూర్తి మాక్ టెస్టులు రాసి, నిర్ణయం తనే చెప్పాలన్నాం.

మూడోది, రెండో ప్రయత్నం డబ్బు ముందే పక్కన పెట్టి, ఆ సంగతి ఆమెకు రాతపూర్వకంగా చెప్పడం. మనసులో పెట్టుకుంటే చాలదు, ఆమెకు తెలియాలి. ఏప్రిల్ ఫీజు ముగిసిన లెక్క, దాన్ని తిరిగి కట్టనక్కర లేదని అదే ఉత్తరంలో రాసి, రెండు జమలూ వెనక్కి పంపాం.

ఆగస్టు సిట్టింగుకు నమోదయింది. ఫోను చేసిన రోజు ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రద్దు చేద్దాం మేడం, ఇమ్యునైజేషన్ ఇంకా పట్టుబడలేదు" అంది. వడ్డీ రేట్లు మారినా నష్టం రాకుండా ఆస్తులను, బాకీలను సరిపోల్చే అధ్యాయం అది. సరేనన్నాను. ఈ కేసు మొత్తంలో మలుపు ఏదని అడిగితే నేను ఆ రద్దునే చూపిస్తాను. ఏప్రిల్‌లో చెప్పలేకపోయిన మాట ఆగస్టులో చెప్పగలిగింది. అక్టోబరులో రాసింది, పాసయింది. పక్కన పెట్టిన రెండో ఫీజు అలాగే మిగిలింది.

నాలుగు నెలలకు ఒక సంస్థలో చేరింది. అక్కడా పరీక్ష ఫీజు ఫలితం వచ్చాకే ఇస్తారు. ఈసారి ఆమె మమ్మల్ని అడగలేదు. రిజిస్ట్రేషన్ రశీదు చూపిస్తే అప్పుడే ఇవ్వగలరా అని సిబ్బంది విభాగాన్ని అడిగింది. ఇస్తామన్నారు. అడిగితే ఇచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి, కొత్తగా చేరినవారికి అడగవచ్చని తెలియదు అంతే. ఒప్పందంలో ఒక షరతు మాత్రం కలిసి చదివాం. నిర్ణీత కాలంలోపు ఉద్యోగం మానితే పరీక్ష ఖర్చులన్నీ తిరిగి కట్టాలని ఉంది. ఇలాంటి షరతు ఈ రంగంలో మామూలే. సంతకం పెట్టడంలో తప్పు లేదు, ఎంత కాలమో, ఏయే ఖర్చులో తెలుసుకుని పెట్టాలి.

ఈ కేసు మార్చినవి, ఇంకా తేలనివి

మా దరఖాస్తు పత్రంలో ఇప్పుడు ఎంత కావాలన్న గడి కంటే ముందు, ఏ తేదీకి కావాలన్న గడి ఉంది. దాని కింద ఖర్చుల పట్టిక, అచ్చం ఆమె నోటుపుస్తకం చివరి పేజీలా. ప్రయాణం, బస, జీతం కోత, కాలిక్యులేటర్ అన్నీ అందులో ఉన్నాయి. ఫెయిలైనవారికి వారంలోగా మేమే ఉత్తరం రాస్తాం: డబ్బు తిరిగి ఇవ్వనక్కర లేదు, రెండో ప్రయత్నం సొమ్ము ఉంది, మీకు వీలైనప్పుడు మాట్లాడండి అని. ఆ ఉత్తరం ఏప్రిల్‌లో వెళ్లి ఉంటే ఆ రెండు జమలు వచ్చేవి కావు.

తేలని విషయం మూడో ప్రయత్నం. సగం అవకాశమే నిజమైతే మా 20 మందిలో ఐదుగురు రెండుసార్లూ ఫెయిలవుతారు. వారికి ఏం చెప్పాలో మాకింకా ఒక్క మాట కుదరలేదు. ప్రస్తుతం రెండుసార్లు ఫెయిలైన ఒక అభ్యర్థి ఉన్నాడు. రెండు మార్కులూ ఐదే. అతని ఖర్చుల పేజీ నా ముందుంది. వచ్చే సమావేశంలో మూడో ఫీజు అడగబోతున్నాను. ఆమె వాడుకోని ఆ రెండో ఫీజు ఇంకా నిధిలోనే ఉంది.